పాత డీజిల్ స్విఫ్ట్ కొంటే ఖర్చు ఎక్కడ దాక్కుని ఉంటుంది?

సెకండ్ హ్యాండ్ మార్కెట్లో 2012–2015 నాటి మారుతి స్విఫ్ట్ డీజిల్‌కి గిరాకీ ఇంకా తగ్గలేదు. బండి తీరును బట్టి హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా మూడు లక్షలకు అటూ ఇటూగా బేరం కుదురుతుంది. అమ్మేవాళ్ల మాటలూ ఎక్కడైనా ఒకటే: సింగిల్ ఓనర్, డాక్టరు గారి బండి, ఒక్క రూపాయి పని లేదు. నడిపి చూస్తే గతుకుల్లో ముందు చక్రాల దగ్గర టకటకమంటుంది. కొనేవాళ్లు దాన్ని పట్టుకుని ఐదు వేలు తగ్గించమంటారు. అమ్మేవాళ్లు కాసేపు బెట్టు చేసి తగ్గిస్తారు. ఇద్దరికీ తామే గెలిచామనిపిస్తుంది. ఆ టకటక పోగొట్టడానికి చాలాసార్లు రెండు వేలు కూడా కాదు. లక్ష రూపాయల పని ఉన్న చోటు మాత్రం ఆ రోజు చప్పుడు చేయదు.

ఈ కారు ఖర్చుల చిక్కు అంతా ఇక్కడే ఉంది. చెవికి వినిపించే జబ్బులు చాలా వరకు చవక. ఖరీదైనవి మౌనంగా ముదిరి, బండి చేతులు మారిన నాలుగైదు నెలలకు బయటపడతాయి. దీనికి కారణం ఇంజన్ నిర్మాణంలోనే ఉంది కాబట్టి అక్కడి నుంచి మొదలుపెడదాం.

బానెట్ కింద ఉన్నది సుజుకి ఇంజన్ కాదు, ఫియట్ రూపొందించిన 1.3 మల్టీజెట్. 1248 సీసీ, 75 హార్స్ పవర్, 190 ఎన్ఎం టార్క్. మారుతి దీన్ని లైసెన్సు మీద మానేసర్‌లో తయారుచేసి డీడీఐఎస్ పేరుతో 2007 నుంచి స్విఫ్ట్‌లో పెట్టింది. డిజైర్, రిట్జ్, టాటా ఇండికా విస్టా, ఫియట్ పుంటో, లీనియా, తర్వాత వచ్చిన బ్రెజా, అన్నిటి గుండె ఇదే. అందుకే బండ్లవాళ్లు సరదాగా దీన్ని జాతీయ ఇంజన్ అన్నారు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు రావడంతో మారుతి డీజిల్ కార్లు ఆపేసింది. ఇన్ని లక్షల బండ్లలో తిరిగిన ఇంజన్ కావడం పాత బండి కొనేవారికి మేలే. ఆటోనగర్ ఉన్న ప్రతి ఊళ్లోనూ దీని గుట్టు తెలిసిన మెకానిక్ దొరుకుతాడు, స్పేర్లకు వెతుక్కోనక్కర్లేదు.

ఈ ఇంజన్లో వాల్వులను వేళకు తెరిచి మూయించడానికి టైమింగ్ బెల్టు లేదు, చైను ఉంది. "చైను ఇంజన్ కదా, జీవితాంతం చూడక్కర్లేదు" అని షెడ్లలో అంటుంటారు. సగం నిజం. చైనును బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుంది. ఆయిల్ శుభ్రంగా, సరిపడా ఉన్నంత కాలం రెండు లక్షల కిలోమీటర్లు దాటినా చైను గురించి తలుచుకోనక్కర్లేదు. ఇంజన్లో పట్టే ఆయిలే మూడు లీటర్లకు కాస్త ఎక్కువ. అందులో లీటరు తగ్గిందంటే మూడో వంతు పోయినట్టే. పది వేల కిలోమీటర్లకు మార్చాల్సిన దాన్ని పదిహేను, ఇరవై వేల దాకా లాగిస్తే ఆయిల్ నల్లగా చిక్కబడి, అడుగున జిడ్డు పేరుకుని, ఆయిల్ పీల్చే జల్లెడను కప్పేస్తుంది. అక్కడి నుంచి ఒకదాని వెనుక ఒకటి. టెన్షనర్ బిగువు తగ్గుతుంది, చైను సైకిలు చైను సాగినట్టు సాగుతుంది, ఒకనాడు చక్రం పన్ను మీద నుంచి జారుతుంది. జారితే వాల్వులు పిస్టన్ల దారిలోకి వస్తాయి, రాకర్లు విరుగుతాయి, హెడ్ దించాల్సి వస్తుంది.

చైను, టెన్షనర్, గైడ్లు ముందే మార్పిస్తే బయటి షెడ్డులో లేబరుతో కలిపి 12 వేల నుంచి 20 వేలు. జారిన తర్వాత వెళ్తే 50 వేలకు తక్కువ మాట వినిపించదు. ఇంజన్ మొత్తం విప్పి బోరు చేయించాల్సి వస్తే 80 వేలు, లక్ష. (ఇక్కడ చెబుతున్న ధరలన్నీ బయటి మెకానిక్ దగ్గర, మన నగరాల్లో పడే ఉజ్జాయింపు మొత్తాలు. కంపెనీ సర్వీసులో లేబరు, పన్ను కలిసి ఇంకా పెరుగుతుంది.)

ఇంజన్లోకి గాలిని ఒత్తి పంపే టర్బో కథా ఇదే. దాని ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతూ పలుచటి ఆయిల్ పొర మీద తేలుతుంటుంది. ఆ పొర మురికైతే ముందు దెబ్బతినేది అదే. హైవే మీద గంట సేపు వంద మీద వచ్చి, టోల్ దాటగానే దాబా దగ్గర ఆపి టక్కున తాళం తిప్పేయడం మనవాళ్ల అలవాటు. ఇరుసు ఇంకా తిరుగుతుండగానే ఆయిల్ సరఫరా ఆగిపోతుంది. బండి ఆగాక ఒక నిమిషం ఇంజన్‌ను ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఊరికే నడుస్తూ ఉంచమని మెకానిక్కులు చెప్పేది ఇందుకే. టర్బో పోతే రీకండిషన్ చేసింది 10–15 వేలు, కొత్తదైతే పాతిక వేలు దాటుతుంది. సన్నటి ఈల టర్బో ఉన్న ఏ బండిలోనైనా ఉంటుంది, భయపడక్కర్లేదు. అంబులెన్సు సైరన్‌లా కూత పెరుగుతూ పోయి, వెనుక నీలం పొగ వస్తుంటే ఆ బండి వదిలేయండి.

ఇక ఇంజన్లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు. నాలుగుంటాయి, పాత డీజిల్ బండి యజమానికి నిద్రపట్టనివ్వనివి ఇవే. కామన్ రైల్ పద్ధతిలో డీజిల్ వెయ్యి బార్‌కు పైగా ఒత్తిడితో వీటి సూది రంధ్రాల గుండా చిమ్ముతుంది. నీళ్లు కలిసిన డీజిల్, మార్చకుండా వదిలేసిన డీజిల్ ఫిల్టర్, ఈ రెండూ వాటికి శత్రువులు. ఫిల్టర్ వెయ్యి రూపాయల వస్తువు. కొత్త ఇంజెక్టర్ ఒక్కొక్కటి 10–15 వేలు. వెయ్యి మిగిల్చి యాభై వేలు పోగొట్టుకున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. అరిగిన ఇంజెక్టర్ మొదట్లో పెద్దగా ఏమీ చెప్పదు. పొద్దున్నే సెల్ఫ్ ఒకటికి రెండుసార్లు కొట్టాల్సి వస్తుంది, ఐడ్లింగ్‌లో స్టీరింగ్ కొద్దిగా వణుకుతుంది, మైలేజీ ఇరవై నుంచి పదహారుకు జారుతుంది. అమ్మేవాళ్లు మీరు వచ్చేలోపే బండి స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచితే ఇవేవీ కనబడవు. కొత్త అతిథి వస్తున్నాడని కాదు ఆ మర్యాద!

అందుకే ఈ బండి చూడ్డానికి తెల్లవారే వెళ్లాలి. ముందు రోజు రాత్రే చెప్పాలి, ఇంజన్ ముట్టుకోవద్దని. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూడండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు సెకన్లలో గొలుసు గలగలమన్న శబ్దం వచ్చి ఆగిపోతే చైను, టెన్షనర్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. ఆ రెండు సెకన్ల కోసమే అంత పొద్దున్నే లేచి రావడం. తర్వాత ఐడ్లింగ్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత విప్పండి. కొద్దిగా ఆవిరి సహజం. మూత ఎగిరిపడేలా పొగ పుఫ్‌పుఫ్‌మని తంతుంటే పిస్టన్ రింగులు అరిగాయి. ఇంజెక్టర్ల మొదళ్లలో తారులా నల్లగా గడ్డకట్టి ఉంటే అడుగున ఉన్న రాగి వాషర్లు లీకవుతున్నాయి. వాషరు ధర వందల్లోనే. కానీ ఏళ్ల తరబడి వదిలేస్తే ఇంజెక్టర్ అక్కడే బిగిసిపోయి, లాగడానికే వేలు ఖర్చవుతాయి, లాగేటప్పుడు విరగనూ విరగొచ్చు. డీజిల్ పంపు, ఇంజెక్టర్లు మాత్రమే చూసే వర్క్‌షాపులో నాలుగూ విప్పించి బెంచి మీద పరీక్షింపజేస్తే రెండు మూడు వేలు అవుతుంది. మూడు లక్షల బేరంలో అంతకంటే బాగా ఖర్చుపెట్టే రెండు వేలు నాకు కనబడలేదు.

పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజన్లోకి పంపే ఈజీఆర్ వాల్వుకు మసి పట్టడం కూడా ఈ వయసులో మామూలే. సిటీలో తక్కువ దూరాలు తిరిగిన బండికి ఇంకా ఎక్కువ. నల్ల పొగ, పికప్ లేకపోవడం, చెక్ ఇంజన్ లైటు వెలగడం దాని లక్షణాలు. శుభ్రం చేయించడానికి రెండు వేలు, మార్చాల్సి వస్తే ఏడెనిమిది వేలు. రెండు వేల ఆర్పీఎం కింద ఈ ఇంజన్ మొదటి నుంచీ బద్ధకంగానే లాగుతుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మూడో గేరులో నీరసపడితే ఈజీఆర్ పోయిందనుకోకండి, రెండో గేరులోకి దించండి.

చప్పుడు చేసేవాటి సంగతి త్వరగా ముగించేద్దాం. ముందు లింక్ రాడ్లు జత 1,500 లోపు. లోయర్ ఆర్మ్‌లు బుష్‌లతో సహా ఒక్కోటి రెండు వేల దాకా. షాక్ అబ్జార్బర్లు ముందు జత ఐదారు వేలు. మన స్పీడ్ బ్రేకర్ల మీద అరవై వేల కిలోమీటర్లకోసారి ఇవి అరిగిపోవడం మామూలే. అన్నీ కలిపి ముందు సస్పెన్షన్ మొత్తం కొత్తది చేయించినా 15 వేలు, మహా అయితే 18. వేగంతో పాటు హూమని హోరు పెరిగితే వీల్ బేరింగు, ఒక్కోటి రెండు వేలు. స్టీరింగ్ దగ్గర గతుకుల మీద కటకటమనడం ఈ మోడల్‌లో తరచూ ఎదురయ్యేదే. బుష్‌లతో పోతే అదృష్టం, ర్యాక్ మార్చాలంటే పది వేలు దాటుతుంది. ఇవన్నీ నడిపి చూస్తేనే తెలిసేవి, ధరలో తగ్గించి అడగదగినవి. వీటిని చూసి మంచి ఇంజన్ ఉన్న బండిని వదులుకోవడం తెలివితక్కువ.

క్లచ్ మధ్యరకం. 190 ఎన్ఎం టార్క్‌ను మోస్తుంది కాబట్టి పెట్రోలు స్విఫ్ట్‌ కంటే త్వరగా అరుగుతుంది. ట్రాఫిక్‌లో క్లచ్ మీద కాలు తీయకుండా నడిపేవాళ్ల చేతిలో 60 వేల కిలోమీటర్లకే పోతుంది, హైవే బండికి లక్షన్నర వస్తుంది. నాలుగో గేరులో 40 మీద వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్పీఎం ముల్లు లేచి బండి లేవకపోతే ప్లేటు అయిపోయింది. ప్లేటు, ప్రెజర్ ప్లేటు, బేరింగు, లేబరు కలిపి 9–12 వేలు. గేర్‌బాక్స్ దించుతారు కాబట్టి మూడూ ఒకేసారి మార్పించాలి. బేరింగు దగ్గర ఎనిమిది వందలు మిగిల్చితే ఆర్నెల్ల తర్వాత మళ్లీ అదే లేబరు కట్టాలి.

ఏసీ చల్లబడట్లేదంటే "గ్యాస్ నింపితే చాలు" అనే మాట వింటారు. గ్యాస్ దానంతటదే అయిపోదు, ఎక్కడో లీకయింది. కండెన్సర్ అయితే నాలుగైదు వేలు. కూలింగ్ కాయిల్ అయితే దాన్ని చేరడానికి డ్యాష్‌బోర్డు విప్పాలి, ఎనిమిది వేల దాకా. కంప్రెసర్ పోతే 15 వేలు పైమాటే. మే నెలలో బండి కొంటే ఏసీ చూడకుండా ఎవరూ కొనరు. డిసెంబరులో కొనేవాళ్లే మరిచిపోతారు.

బాడీ విషయంలో మన ప్రాంతానికి రెండు ప్రత్యేకమైన గండాలున్నాయి. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్ల బండ్లకు ఉప్పుగాలి వల్ల అడుగు భాగం తుప్పు పడుతుంది. పైన పాలిష్ కొట్టిన బండిని లిఫ్ట్ ఎక్కించి చూస్తే తప్ప తెలియదు. రెండోది వరద. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు ఎన్నో కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. వాటిలో కొన్ని తుడుచుకుని వేరే జిల్లాల మార్కెట్లకు చేరాయి. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి. లోపలి కొసలో బురద చార కనబడితే మిగతా ఏదీ చూడాల్సిన పని లేదు. సీటు కింది పట్టాలకు తుప్పు, కార్పెట్ కింద ఒండ్రు, హెడ్‌లైట్లలో తేమ గీత కూడా అదే చెబుతాయి. వరద బండి ఇంజన్ బాగుచేయొచ్చు గానీ దాని వైరింగు, కంప్యూటరు యూనిట్లు రెండేళ్ల పాటు ఒక్కొక్కటిగా పీడిస్తాయి.

టింకరింగ్, పెయింటింగ్ చేసిన బండి కాబట్టి వద్దనుకోవాల్సిన పని లేదు. పదేళ్ల బండికి ఒక డోరు, ఒక బంపరు గీసుకోకుండా ఉండవు. ముందు భాగంలో రేడియేటర్‌ను మోసే చట్రం, పిల్లర్లు, డిక్కీలో స్టెప్నీ కింది గుంత, ఈ మూడు చోట్ల మాత్రం వెల్డింగు కనిపించకూడదు. 2014లో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు ఎయిర్‌బ్యాగులు లేని భారతీయ స్విఫ్ట్‌ను ఢీకొట్టి చూస్తే పెద్దల రక్షణలో సున్నా స్టార్లు వచ్చాయి. కొత్తగా ఉన్నప్పుడే అంత అంతంతమాత్రం చట్రాన్ని అతుకులతో కొనడం ఏమిటి? ఎయిర్‌బ్యాగులున్న పై వేరియంట్ దొరికితే ఇరవై, ముప్ఫై వేలు ఎక్కువ పెట్టినా నష్టం లేదనే అంటాను.

మీటరులో కనబడే 78 వేల కిలోమీటర్లను నమ్మకండి. డీజిల్ బండి కొనేదే తిరగడానికి, పదేళ్లలో 78 వేలు తిరిగిన డీజిల్ స్విఫ్ట్ లేకపోలేదు గానీ అరుదు. డిజిటల్ మీటరును వెనక్కి తిప్పడం ఇప్పుడు చిన్న పని. కంపెనీ సర్వీసు సెంటర్లో బండి నంబరు చెప్పి ఎప్పుడెప్పుడు ఎన్ని కిలోమీటర్ల దగ్గర వచ్చిందో యజమానితో అడిగించండి. 2018లో లక్షా పది వేలుండి ఇప్పుడు 78 వేలుంటే మాట్లాడేదేమీ లేదు. నా లెక్కలో లక్షా అరవై వేలు తిరిగి, పది వేలకోసారి ఆయిల్ మార్చిన బిల్లులున్న బండి, బిల్లుల్లేని 80 వేల బండి కంటే విలువైనది. డిజైర్ అయితే ఇంకో అనుమానం కూడా పెట్టుకోవాలి: క్యాబ్‌గా తిరిగి, పసుపు ప్లేటు తీసి తెల్ల ప్లేటుకు మార్చినదేమో ఆర్టీఏ రికార్డులో చూడాలి.

ఇంజన్ నంబరును ఆర్సీతో పోల్చడం చాలామంది మరిచిపోతారు. పోయిన ఇంజన్‌కు బదులు స్క్రాప్‌లోంచి మరొకటి తెచ్చి బిగించడం షెడ్లలో జరిగేదే. ఆ మార్పు ఆర్సీలో ఎక్కించకపోతే రేపు బదిలీ దగ్గర, ఇన్సూరెన్సు క్లెయిమ్ దగ్గర ఇబ్బంది మీదవుతుంది. లోను ఉన్న బండి అయితే హైపోథికేషన్ (బ్యాంకు తాకట్టు) తీసేసిన ఫారం 35, బదిలీకి 29, 30 చూసుకోండి. ఢిల్లీ బండి మరీ చవగ్గా వస్తే దాని వెనుక, 2025లో సుప్రీంకోర్టు సడలించేదాకా అమల్లో ఉన్న పదేళ్ల డీజిల్ నిషేధం ఉందని గుర్తుంచుకోండి. 2015లో హరిత ట్రైబ్యునల్ ఇచ్చిన ఆ ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించాక అక్కడి డీజిల్ కార్లు దక్షిణాదికి బారులు తీరాయి. ఎన్‌ఓసీ (అక్కడి నిరభ్యంతర పత్రం), మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు కలుపుకుంటే ఆ చవక చాలావరకు కరిగిపోతుంది. ఇక్కడి బండికైనా పదిహేనేళ్లు నిండితే ఫిట్‌నెస్ చేయించి ఆర్సీని ఐదేళ్లకు రెన్యువల్ చేయించాలి. కారుకు 600 రూపాయలున్న ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. గ్రీన్ ట్యాక్స్ అదనం. 2012 బండి 2027లోనే ఆ గీత తాకుతుంది.

ఇప్పుడు లెక్క. నిజాయితీగా ఉన్న, పెద్ద జబ్బుల్లేని బండికే మొదటి ఏడాది ఎంతవుతుందో చూద్దాం. ఆయిల్, అన్ని ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఆయిల్, గేర్ ఆయిల్ మార్పించి బండి సంగతి నాకిక తెలుసు అనుకునే స్థితికి తేవడానికి 9 వేలు. సస్పెన్షన్ 15. క్లచ్ 10. బ్యాటరీ 6. ఏసీ 5. వీడీఐ వేరియంట్‌కి పట్టే 165/80 ఆర్14 టైర్లు నాలుగూ 20 వేలు. టైరు అంచున ఉన్న నాలుగంకెల్లో మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 2519 అంటే 2019లో 25వ వారం, గాడి ఎంత ఉన్నా ఇక మార్చాల్సిందే. మొత్తం 65 వేలు. అన్నీ ఒకేసారి పడకపోవచ్చు, కానీ మూడు లక్షల బండి కొనేవారి దగ్గర ఆ మొత్తం విడిగా లేకపోతే రెండున్నర లక్షల బండి కొని అరవై చేతిలో ఉంచుకోవడం మేలు. ఇంజెక్టర్లూ టర్బో రెండూ తోడైతే లెక్క లక్షన్నర దాకా పోతుంది, అది ఈ బండి ధరలో సగం.

ఆ ఖర్చుకు డీజిల్ తిరిగి ఇచ్చేదేమిటి? 2024 మార్చి తర్వాతి హైదరాబాద్ ధరలు తీసుకుంటే పెట్రోలు లీటరు 107 పైన, డీజిల్ 95 పైన. డీజిల్ స్విఫ్ట్ లీటరుకు 20, పెట్రోలు స్విఫ్ట్ 15 ఇస్తాయనుకుంటే కిలోమీటరుకు సుమారు 2 రూపాయల 40 పైసలు తేడా. నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగేవారికి ఏడాదికి 43 వేలు మిగులుతాయి, ఒక టర్బో పోయినా రెండేళ్లలో తేరుకుంటారు. ఆఫీసుకు, ఆదివారం అత్తగారింటికి కలిపి నెలకు 500 తిరిగేవారికి మిగిలేది 14 వేలు. అది ఒక క్లచ్ ఖర్చు. పైగా తక్కువ తిరిగే డీజిల్ ఇంజన్ సరిగ్గా వేడెక్కక ఈజీఆర్‌లో మసి ఇంకా త్వరగా పేరుకుంటుంది. అలాంటివారు అదే వయసు పెట్రోలు స్విఫ్ట్ వైపు చూడాలి. 2010 నుంచి వస్తున్న దాని 1.2 కే సిరీస్ ఇంజన్లోనూ చైనే ఉంటుంది, టర్బో లేదు, పదిహేను వేల ఇంజెక్టర్లు లేవు. స్పార్క్ ప్లగ్గులు, కాయిల్ ఒకటో రెండో, థ్రాటిల్ బాడీ శుభ్రం చేయడం, ఇంతే. కాయిల్ రెండు వేల లోపు దొరుకుతుంది.